నల్ల నీళ్ళు

నిన్న పొద్దున కుళాయిలో వచ్చే మంజీర ఏటి నీళ్ళు గ్లాసులో పట్టి కిటికీలో పెట్టాను. కాసేపటికి అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. తడి రేగడి వాసన వచ్చింది. మెదక్‌లో వారంగా చినుకు లేదు. శాంతమ్మ టీచరమ్మ ఉంటే, "ఏడ కురిసింది బిడ్డా గీ వాన?" అని అడిగేది. ఆమె పోయి ఈ శ్రావణానికి ఏడాది.

మిషన్ బడిలో ఆమె భూగోళం చెప్పేది. అప్పటికి నేను కొత్తగా చేరిన పంతులమ్మను. బడి వెనక వానను కొలిచే సీసా నా బాధ్యత. రోజూ కొలిచి రాసేదాన్ని, అందుకు కొంచెం గర్వపడేదాన్ని కూడా. ఆమె మాత్రం మంజీర వైపు నుంచి ఎవరొచ్చినా సీసాడు ఏటి నీళ్ళు తెమ్మనేది. "నీ సీస మన మీది మొగులు సంగతే చెప్తది. మంజీర పడమటి గుట్టల్ల పుట్టి, నల్లరేగడి అంత తిరిగి వస్తది. గక్కడి వాన మనకు రెండు దినాలకు ముడుతది" అనేది. నీళ్ళు ఎర్రగా ఉంటే దగ్గరి వాన, నల్లగా ఉంటే దూరపు వాన. కొలత లేని ఆ లెక్క నాకు నమ్మబుద్ధి కాలేదు.

పోలీసు చర్య జరిగిన భాద్రపదంలో బడి మూశారు. ఆమెను ఒంటరిగా వదలలేక మంజీర ఒడ్డున మా ఊరికి తీసుకుపోయాను. రజాకార్లు పారిపోతూ ఊళ్ళ మీద పడుతున్నారని పుకారు. ఆడవాళ్ళనూ పిల్లలనూ ఏటి నడుమ ఇసుక తిన్నెమీద, తుంగ చాటున దాచాలన్నారు పెద్దలు. "నీళ్ళు రావు గద బిడ్డా? చదువుకున్నదానివి, చెప్పు" అన్నాడు పెద్దనాయన. "నాలుగు రోజుల సంది వాన లేదు. భయం లేదు" అన్నాను. అమ్మ, మూడు నెలల కొడుకుతో అక్క, ఇంకో ఇరవైమంది మోకాటి లోతు నీళ్ళు దాటి పోయారు. టీచరమ్మ జ్వరంతో పడుకుని ఉంది. ఆమెను అడగాలని నాకు తోచలేదు.

మరునాడు పొద్దున ఆమె లేచి, అలవాటుగా గ్లాసుతో ఏటి నీళ్ళు ముంచి ఎండకు పట్టింది. నల్లగా ఉన్నాయి. "తిన్నె మీద ఎవలన్న ఉన్నరా?" అంది. చెప్పాను. చీర ఎగదోపుకుని ఏట్లోకి దిగింది. వెనకే నేనూ దిగాను.

"ఎండ గింత కొడ్తుంటె వరదేంది టీచరమ్మా? జరం నెత్తికెక్కిందా?" అంది తిన్నెమీద, కోళ్ళ గంప పక్కన పెట్టుకుని కూర్చున్న మా మేనత్త.

"ఎక్కితె ఎక్కనీ. ముందు లే. ఒడ్డుకు పోయినంక తిడుదువు."

అత్త కదల్లేదు. అందరూ నావైపు చూశారు.

"నేను నిన్న తప్పు చెప్పిన. లేవుండ్రి" అన్నాను.

అప్పుడు లేచారు. టీచరమ్మ మా అక్క కొడుకును తలపైకి ఎత్తి పట్టుకుని ముందు నడిచింది. చివరివాళ్ళు దాటేసరికి నీళ్ళు నడుము దాకా వచ్చాయి. మధ్యాహ్నానికి తిన్నె లేదు, తుంగ కొసలే కనిపించాయి. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఒడ్డు మీది జొన్నచేలో దాక్కుని, అత్త చీర పిండుకుంటూ, "నా కోళ్ళను గూడ దాటియ్యకపోతివి టీచరమ్మా" అంటే, అంత భయంలోనూ అందరం నవ్వాం. రజాకార్లు మా ఊరికి రానేలేదు.

బడి తెరిచాక నేను సీసా ముట్టుకోలేదు. ఆమే తెచ్చి నా చేతిలో పెట్టింది. "కొలువు. కొలుసుడు తప్పు గాదు. కొలిసినంక ఏటి పైనుంచి వచ్చెటోళ్ళను గూడ అడుగు" అంది.

అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను. అక్క కొడుకు ఇప్పుడు ఆ ఒడ్డునే సేద్యం చేస్తున్నాడు. ఏటి పక్కన పెట్టిన నీళ్ళ ఇంజను పైకి జరుపుకొమ్మని నిన్న వాడికి కబురు పంపాను. ఎండ కొడుతోంది కదా అని వాడు అడగలేదు. జరుపుకున్నాడట.