నులక అల్లిన టైర్లు

మొన్న సోమవారం పొద్దున మా మేనత్త పోయింది. అమీర్‌పేటలో మా గల్లీవాళ్లకు ఆమె పాత టైర్లకు నులక అల్లి, కూర్చునే పీటలు చేసే ముసలమ్మ. నేనేమో ఆమెను ఒక మాట అన్నాను. దాన్ని వెనక్కి తీసుకునే లోపే వెళ్లిపోయింది.

మాది సిరిసిల్ల నేత కుటుంబం. మగ్గం పోయినా ఆమె చేతులు ఊరుకోలేదు. పంజాగుట్ట షాపుల్లో అరిగిపోయిన టైర్లు పారేస్తుంటే ఆటోలో వేసుకొచ్చేది. "గుండ్రంగుంటేంది, గిది సుత మగ్గమే" అనేది. కోచింగులకొచ్చిన హాస్టల్ పిల్లలు ఆ పీటలు ఎగబడి కొనేవాళ్లు. బోరబండ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి అల్లేవాళ్లు, ఆ పని మీదే వాళ్ల ఇళ్లు నడిచాయి. అల్లడానికి పనికిరాని చీలిన టైర్లను రబ్బరు పొడి చేసే ఫ్యాక్టరీకి పంపేది. ఆ పొడి రోడ్ల తారులో కలుపుతారని తెలిసినప్పటి నుంచి గుంత లేని రోడ్డు కనబడితే చాలు, "గిది మనదే" అని గొప్పలు పోయేది. గుంతలున్న రోడ్లు ఎవరివో ఎప్పుడూ చెప్పలేదు.

తప్పు కూడా చేసింది. నూలు నానబెట్టిన అలవాటు కొద్దీ టైర్లలోనే నీళ్లు పోసి నులక నానేసేది. ఒక వానాకాలం ఎదురింటి మేస్త్రీ కొడుక్కి డెంగీ వచ్చింది. దోమలు ఎక్కడివో గల్లీకంతా తెలుసు. టైర్లన్నీ కాలబెడతానని మేస్త్రీ కిరోసిన్ డబ్బాతో వచ్చాడు. నేను కూడా అతని పక్కనే నిలబడి, "ఇగ చాలించు అత్తా, నీ టైర్లతోని మాకు తలవంపులు" అన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆమె నావైపు చూడలేదు. "తప్పు నాదే తమ్మీ. గని కాలవెట్టకు. గా పొగ నీ పిలగాని గుండెలకే పోతది. జర రెండు దినాలు ఆగు" అంది మేస్త్రీతో.

అతని ముందే నీళ్లన్నీ కుమ్మరించింది. డ్రిల్లింగ్ మిషన్ అద్దెకు తెచ్చి, అన్నం కూడా మరిచిపోయి, వాననీళ్లు నిలవకుండా ఒక్కో టైరు అడుగున నాలుగేసి రంధ్రాలు కొట్టించింది. నులక మూత ఉన్న బకెట్లోకి మారింది. పిల్లవాడు కోలుకున్నాడు. మేస్త్రీ మాత్రం ఆమెతో మళ్లీ మాట్లాడలేదు.

ఆమెను సాగనంపి వచ్చాక, మిగిలిన టైర్లను ఏం చేయాలో తోచక గుమ్మంలో కూర్చున్నాను. మేస్త్రీ ఒక పాత ఆటో టైరు దొర్లించుకుంటూ వచ్చి గోడకు ఆనించాడు.

"పని ఆపకు చెల్లె" అని వెళ్లిపోయాడు.

వంగి చూశాను. అడుగున నాలుగు రంధ్రాలు, అప్పుడే కొట్టినవి. అంచుల్లో రబ్బరు పొట్టు ఇంకా రాలుతోంది.