కుంకుమ బొట్టు పెట్టిన తుపాకీ

నా చిన్నప్పుడు, మేం ఈ దేశం వచ్చిన కొత్తలో, టూవూంబా ఊళ్లో జరిగిన ఈ సంగతిని మన తెలుగు సంఘం సంచికకు ఇంతకుముందు రెండుసార్లు రాసి పంపాను. మొదటిసారి జవాబే రాలేదు. రెండోసారి ఒక అంకుల్ ఫోన్ చేసి, పండగ సంచికలో ఇలాంటివి ఎందుకు బాబూ, మీ అమ్మమ్మ చేసే పిండివంటల గురించి రాయరాదా అన్నాడు. సరే, ఇప్పుడు రాస్తున్నదీ అమ్మమ్మ గురించే. ఇది కూడా వేయకపోతే నాలుగోసారి పంపుతాను.

అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని లోకమంతా వై టు కే, వై టు కే అంటూ కంగారుపడుతున్న రోజులు. ఆ కంగారు వల్లే మా నాన్నకు ఉద్యోగం, మాకు వీసా వచ్చాయి. ఆఫీసు స్నేహితుడొకడు ఊరి బయట తన పొలంలో అడవిపందుల వేటకు నాన్నను తీసుకెళ్లేవాడు. ఆ సరదాతో నాన్న లైసెన్సు తీసుకుని రైఫిల్ కొన్నాడు. గ్యారేజీలో ఇనుప బీరువా బిగించి అందులో పెట్టాడు. తాళంచెవి మాత్రం కంప్యూటర్ బల్ల మీద, ఫ్లాపీల డబ్బా వెనక ఉండేది. ఆ చోటు తనొక్కడికే తెలుసని నాన్న అనుకునేవాడు.

నాన్న అమ్మను కొట్టేవాడు. కోపం మరీ ఎక్కువైన రోజున కొట్టేవాడు కాదు. గ్యారేజీలోకి వెళ్లి రైఫిల్ తెచ్చి, భోజనాల బల్ల మీద పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా అన్నం తినేవాడు. దాని పక్కన కంచాలు పెట్టుకుని మేమూ తినేవాళ్లం.

అమ్మ రెండోసారి కడుపుతో ఉంటే పురుడు పోయడానికి తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చింది. వచ్చిన వారంలోపే ఆమెకు అంతా అర్థమైంది. అల్లుడికి నాలుగు మంచి మాటలు చెప్పమని సంఘంలో పెద్దలనుకున్న ఇద్దరిని అడిగింది. మొగుడూ పెళ్లాల మధ్యకు మేమెందుకండీ అన్నాడు ఒకాయన. పర్మనెంటు వీసా కాగితాలు నడుస్తున్నాయి, ఇప్పుడు గొడవ పెట్టుకోకండి అన్నాడు రెండో ఆయన. రెండుసార్లూ నేను అమ్మమ్మ పక్కనే కూర్చుని విన్నాను. ఆ ఇద్దరూ ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నారో కూడా నాకు గుర్తుంది.

ఒక శనివారం నాన్న ఆఫీసుకు వెళ్లాడు, అమ్మ నిద్రపోతోంది. నేను తాళంచెవి తీసి బీరువా తెరిచాను. రైఫిల్ నేననుకున్న దానికన్నా బరువుగా ఉంది. ఈసారి అది అన్నం బల్ల మీదికి వస్తే నాన్నకన్నా ముందు నేనే అందుకోవాలని, ఎలా పట్టుకోవాలో నేర్చుకుంటున్నాను. ఆరిన బట్టల బుట్టతో లోపలికి వచ్చిన అమ్మమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అరవలేదు. బుట్ట కింద పెట్టి, నా చేతుల్లోంచి రైఫిల్ తీసుకుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో ఆమెకూ తెలియదు, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని బీరువాలో పెట్టింది. ఎవర్ని కొడదామనిరా అని అడిగింది. అప్పట్లో నాకు తెలుగు అర్థమయ్యేది కానీ నోటికి ఇంగ్లీషే ముందు వచ్చేది. "డాడ్" అన్నాను. ఆ ఒక్క మాట ఆమెకు అర్థమైంది.

గ్యారేజీ మెట్టు మీద నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తర్వాత అంది, "నువ్వు ఎత్తాల్సింది ఇది కాదురా బుజ్జీ. నోరు. నాకు ఇంగ్లీషు రాదు. నీకొచ్చు."

బీరువా తలుపుకు లోపలివైపు నాన్న అంటించిన నిబంధనల కాగితాన్ని నాతో చదివించి తెలుగులో చెప్పించుకుంది. తుపాకీ ఎప్పుడూ తాళంలో ఉండాలి, లైసెన్సు లేనివాళ్లకు అందకూడదు, అందితే పోలీసులు పట్టుకుపోతారు. "పిలిస్తే వస్తారా?" అని అడిగింది. ఫోన్ చేస్తే వస్తారన్నాను. కాగితంలో పోలీసుల గురించి ఉన్న వాక్యం మళ్లీ చదవమంది. కొట్టిన సంగతి మీ అమ్మ దాచిపెడుతుంది, కళ్ల ముందున్న తుపాకీని ఎవరూ దాచలేరు అంది. ఆ రోజు నుంచి తాళంచెవిని, నన్ను కనిపెట్టుకునే ఉంది.

దసరా వచ్చింది. "ఆయుధ పూజ కదా బాబూ, కంప్యూటరు, కారు తాళాలు పెడుతున్నాం, అసలు ఆయుధాన్ని మరిచిపోతే ఎలా?" అని అమ్మమ్మ అల్లుడితో అంది. నాన్న పొంగిపోయాడు. తూటాలు తేవొద్దంది, వాటికి పూజ అక్కర్లేదంది. కీబోర్డు పక్కన రైఫిల్ పడుకోబెట్టి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసింది. భోజనాలకు వచ్చిన అంకుల్స్, ఆంటీలు దాని చుట్టూ చేరారు. "ఏం బాస్, వై టు కే బగ్ కనబడితే దీంతోనే కాల్చేస్తావా?" అని ఒక అంకుల్ అంటే అందరూ నవ్వారు. ఇంకొకాయన ఫొటో తీశాడు. పులిహోర వడ్డిస్తున్న అమ్మ ముంజేతికి ఎన్ని గాజులు వేసినా నీలం మచ్చ కనబడుతూనే ఉంది. ఒక ఆంటీ దాన్ని చూసి, చూపు తిప్పుకుని, ఇంకొంచెం పులిహోర వేయించుకుంది.

అందరూ వెళ్లాక నాన్న రైఫిల్ తీయబోయాడు. కంప్యూటర్లకు ఏవో పరీక్షలున్నాయని ఆఫీసుకు వెళ్లాలి. పూజలో పెట్టినదాన్ని ఉద్వాసన చెప్పకుండా కదిలిస్తే అరిష్టం, రేపు పొద్దున తీసుకోండి అంది అమ్మమ్మ. వీసా రావాల్సిన మనిషి. భయపడ్డాడు. వదిలేసి వెళ్లాడు.

కారు మలుపు తిరగగానే అమ్మమ్మ ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది. మా ఇంట్లో గన్ తాళంలో లేదని, నాన్న దాన్ని అన్నం బల్ల మీద పెడతాడని, నేను కూడా దాన్ని పట్టుకున్నానని చెప్పాను. నా గొంతు వణకలేదు. ఇప్పటికీ అందుకు గర్వపడుతున్నాను.

వచ్చిన పోలీసామె పూజ చూసి, షూ విప్పాలా అని నన్ను అడిగింది. విప్పింది. ఇంట్లో ఏమీ లేదని అమ్మ మొదట అంది. అమ్మమ్మ వెళ్లి అమ్మ చేతి గాజులు పైకి జరిపింది. అప్పుడు అమ్మ కుర్చీలో కూలబడి మొత్తం చెప్పింది. పోలీసామె పసుపుకుంకుమలతోనే రైఫిల్‌ను తీసుకెళ్లింది. కార్పెట్ మీద బంతిపూల రేకులు రాలాయి. అమ్మమ్మ కలశాన్ని కాస్త ఉత్తరానికి జరిపి ఉద్వాసన చెప్పి, పూజ అయిపోయిందమ్మా అంది.

నాన్నను మా ఇంటి దగ్గరికి రాకూడదన్నారు. లైసెన్సు పోయింది. అల్లుడి మీదికి పోలీసులను తెచ్చిన అత్తగా అమ్మమ్మను, ఇంటి గుట్టు బయటపెట్టిన మనిషిగా అమ్మను సంఘం పక్కన పెట్టింది. చెల్లెలు పుట్టినప్పుడు ఒక్కరూ చూడ్డానికి రాలేదు. మేం సిడ్నీకి మారి, వెస్ట్‌మీడ్‌లో ఒక చిన్న ఫ్లాట్‌లో బతికాం.

అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆమె ఆ రోజు నా చేతిలో పెట్టిన ఫోన్‌ను నేను ఇప్పటికీ దించలేదు. మా పిల్లలు ఎవరింటికైనా ఆడుకోవడానికి వెళ్లేముందు ఆ ఇంటివాళ్లను అడుగుతాను, మీ ఇంట్లో గన్ ఉందా, తాళంచెవి ఎక్కడుంటుంది అని. కొందరు నవ్వుతారు. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. అడుగుతూనే ఉంటాను.

నాన్న ఇప్పుడు దేశానికి అవతలి కొసన, కానింగ్ వేల్‌లో ఉంటున్నాడు. నేను పెళ్లి చేసుకున్న ఏడాది ఫోన్ చేసి, తప్పు చేశానురా అన్నాడు. క్షమించానో లేదో అది నాకూ ఆయనకూ సంబంధించిన విషయం. కానీ చేసినదానికి ఆయన జవాబిచ్చాడు.

ఆనాటి ఫొటోను మీరు మరుసటి ఉగాది సంచికలో అచ్చువేశారు. నా దగ్గరుంది. రైఫిల్ చుట్టూ ఏడుగురు నవ్వుతున్నారు, వెనక పులిహోర గిన్నె పట్టుకున్న అమ్మ చెయ్యి. ఆ ఏడుగురిలో మీరిద్దరు ఇప్పటికీ సంఘం వేదిక మీద కూర్చుంటున్నారు. మీరు ఆ రోజు ఆ చేతిని చూశారా, చూడలేదా? పిండివంటల సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు దీనికి జవాబు చెప్పండి.