వేలం పాటగాడి గొంతు

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో అబ్బాయిరాజు పాట ఎత్తుకుంటే, పక్క వీధిలో టీ తాగుతున్న వ్యాపారి కూడా గ్లాసు పక్కన పెట్టి పరిగెత్తుకొచ్చేవాడు. పాటంటే సంగీతం కాదు, వేలం పాట. కర్నూలు నుంచీ మహారాష్ట్ర నుంచీ దిగిన బస్తాల ముందు నిలబడి, ముప్ఫై ఏళ్లుగా మైకు లేకుండా ధర పలికించిన గొంతు అది. మైకు పెడదామని కమీషను కొట్టు షావుకారు అన్నప్పుడల్లా "నేను పోయాక పెట్టుకోండి బాబూ" అని నవ్వేవాడు. ఈ వేసవి నుంచి ఆ మాట అనడం మానేశాడు.

పొద్దున లేచేసరికి గొంతు బొంగురు. నాలుగు లాట్ల బస్తాలు పాడేసరికి మాట పీలగా అయిపోతోంది. మింగుతుంటే ఛాతీలో ఏదో ఉండ అడ్డుపడ్డట్టు ఉంటోంది. ఇదంతా ఎవరికి చెప్పుకుంటాడు? మూడేళ్ల కిందట అతని అన్న కనకరాజుకీ ఇలాగే మొదలైంది. అన్నవాహికలో క్యాన్సరన్నారు. చివరి రోజుల్లో కొబ్బరినీళ్లు కూడా దిగలేదు. దగ్గరుండి చెంచాతో పోసినవాడు అబ్బాయిరాజే. తనకూ అదే వచ్చిందని లోలోపల తీర్మానించేసుకున్నాడు. తేలితే ఏమవుతుందోనని భయం, తేల్చుకోకపోతే పిచ్చెక్కుతుందని భయం. ఈ రెండు భయాల మధ్యా మనిషి సగమయ్యాడు.

గుండెల్లో మంట మాత్రం కొత్తది కాదు. ఒకప్పుడు ఏ పెళ్లిలోనో నాలుగు గారెలు ఎక్కువ తిన్న రోజున వచ్చేది, గ్లాసుడు మజ్జిగతో పోయేది. అందరికీ వచ్చేదే. తర్వాత్తర్వాత అది చుట్టంలా వచ్చి అద్దెకున్నవాడిలా స్థిరపడింది. జేబులో గ్యాసు బిళ్లల అట్ట లేనిదే గడప దాటేవాడు కాదు. పైగా సొంత వైద్యం ఒకటి. రాత్రి అన్నంలో పాలుపోసి తోడు పెట్టించుకుని, తెల్లారగానే ఆ చద్దన్నంలో పచ్చి ఉల్లిపాయ నంజుకోవడం. ఉల్లి చలవ అన్నది ఆ మార్కెట్టులో వేదవాక్కు. మంట పెరిగినకొద్దీ ఒక ఉల్లిపాయ రెండయింది, రెండు మూడయ్యాయి. ఉల్లిని నమ్ముకుని బతికినవాడు ఉల్లిని అనుమానిస్తాడా? కడుపు నిండా తిని, పాట మొదలయ్యేలోగా బస్తాల మీద ఓ కునుకు తీసేవాడు. తన ఒంటికి తనే పగవాడయ్యాడని పాపం అతనికేం తెలుసు!

ఆ సోమవారం మూడో లాటు మధ్యలో గొంతు పూర్తిగా ఆగిపోయింది. నోరు కదులుతోంది, శబ్దం లేదు. వేళాకోళం చేస్తున్నాడనుకుని వ్యాపారులు నవ్వారు. అబ్బాయిరాజు లాటు మధ్యలోనే వదిలేసి బయటపడ్డాడు. ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. భార్య శేషారత్నం ఏమైందని అడిగితే దుప్పటి ముసుగు తన్నాడు. మర్నాడు పొద్దున్నే చెయ్యి పట్టుకుని ఏలూరు బస్సెక్కించింది.

డాక్టర్ ఉషశ్రీ నెమ్మదైన మనిషి. గొంతు పోయిందనీ, గుండెల్లో మంటనీ శేషారత్నం చెప్పింది విని, "మంట ఎప్పుడెప్పుడు వస్తుందండీ?" అని అడిగింది.

"ఎప్పుడో అండి," అన్నాడు అబ్బాయిరాజు పీలగా. "పెళ్లిళ్లలో కాస్త ఎక్కువ తింటే. అంతే."

"మింగడానికి ఏమైనా ఇబ్బందా?"

"అబ్బే, లేదండి."

"అలా ఎప్పుడో వచ్చిపోయేదైతే కంగారు లేదండీ. ఎవరికైనా వస్తుంది. గొంతుకి నాలుగు రోజులు విశ్రాంతివ్వండి, చాలు."

కోరుకున్న మాటే. అయినా ప్రాణం కుదుటపడలేదు. డాక్టరు ధైర్యం చెప్పింది అతనాడిన అబద్ధానికి గానీ అతని జబ్బుకి కాదు కదా! ఆమె రాసిచ్చిన మందుల కాగితం అందుకోబోయాడు.

శేషారత్నం ఇక ఆగలేకపోయింది. "ఏవండీ, వైద్యుడి దగ్గర కూడా దాపరికమా? అమ్మా, రోజూ వస్తుందండి. ఏడాది దాటింది. పడుకుంటే పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతున్నాయని లేచి కూర్చుంటారు. బిళ్ల వేసుకోని రోజు లేదు. నిన్న ఇడ్లీ ముక్క దిగక నీళ్లు తాగి తోసుకున్నారు. నేను చూడలేదనుకున్నారు."

ఉషశ్రీ కాగితం వెనక్కి తీసుకుంది. "ఎప్పుడో ఒకసారి రావడం వేరు, వారానికి రెండు మూడుసార్లు చొప్పున నెలల తరబడి రావడం వేరండీ. రెండోది జబ్బే. కడుపులోది పైకి రాకుండా బిగిసి ఉండాల్సిన కండరం వదులైపోతుంది. గొంతు పోవడం కూడా ఆ పులుపు వల్లే కావచ్చు. కానీ ముద్ద అడ్డుపడుతోందంటే మాత్రం నోట్లోంచి కెమెరా గొట్టం వేసి చూడాల్సిందే."

మర్నాడు పరగడుపున గొట్టం వేశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితానికి వారం పడుతుందన్నారు. ఆ వారం రోజులూ అబ్బాయిరాజు పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు. అన్నం కలిపి అలాగే వదిలేసేవాడు. షావుకారు పలకరించడానికి వస్తే, దొడ్డిదోవన వెళ్లిపోయి ఆయన లేచేదాకా తిరిగి రాలేదు.

వారం తర్వాత ఉషశ్రీ రిపోర్టు చూసి ముందుగా చెప్పిన మాట, "క్యాన్సర్ కాదండీ."

శేషారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"అన్నవాహిక చివర పుళ్లు పడ్డాయి. వాచి ఇరుకైంది. మందులు వాడితే తగ్గుతుంది, గొంతూ చాలావరకు తిరిగొస్తుంది. మంచానికి తలవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. తిన్న మూడు గంటల దాకా నడుం వాల్చొద్దు. పచ్చి ఉల్లిపాయ మానేయండి."

"ఉల్లి చలవ కదండీ?" అన్నాడు అబ్బాయిరాజు.

"మీ మంటకి అదే ఆజ్యమండీ."

అబ్బాయిరాజు ముఖంలోకి సంతోషం రాలేదు. "మా అన్నయ్య అన్నవాహికలో క్యాన్సరుతో పోయాడండీ, తేలేసరికే ముదిరిపోయింది. అతనికి కూడా మొదట్లో ఇదేనాండీ?" అని అడిగాడు.

"అవునని ఇప్పుడు నేనెలా చెప్పనండీ? ఏళ్ల తరబడి వదిలేస్తే ఏ కొద్దిమందికో అలా ముదురుతుంది. ముందే వచ్చి ఉంటే తెలిసేది. ఆయన మొదట్లోనే ఎందుకు చూపించుకోలేదు?"

శేషారత్నం ఏదో సర్దిచెప్పబోయింది. అబ్బాయిరాజు చెయ్యెత్తి ఆపాడు.

"చూపించుకుంటాననే అన్నాడండీ. ఏలూరు రావడానికి చొక్కా కూడా తొడుక్కున్నాడు. ఉత్త గ్యాసుకి డాక్టరెందుకు, చద్దన్నం తిను తగ్గిపోద్దని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది నేనేనండీ."