తలూపితే కుదరదు

ఎవరు ఏం చెప్పినా ఒక్కసారికి ఒప్పుకోని మనిషి ఒకాయన ఉన్నాడు. రైల్వే గేటు దగ్గర గేట్‌మన్. ఊరంతా ఆయన్ని మళ్ళీచెప్పు మావయ్య అంటారు. పాలవాడు వచ్చి "పాలండీ" అంటే చాలు, "ఏంటి? మళ్ళీ చెప్పు" అంటాడు. కొత్తవాళ్ళు చెవుడేమో అని జాలిపడి అరిచి చెప్తారు. చెవుడా పాడా, ఆయనవి పాము చెవులు. పక్కింట్లో చెంచా కిందపడినా వినిపిస్తుంది.

పాపం, ఆ ఇంటికి కోడలు వచ్చింది. వచ్చిన రోజు సాయంత్రమే మావయ్య అడిగాడు, వీధి తలుపు వేశావా అమ్మా అని. వేశానంది. ఏం వేశావన్నాడు. వీధి తలుపంది.

"నంబరు చెప్పు."

ఆ పిల్ల బిక్కమొహం వేసి, అడిగారు కదా అని తన ఫోన్ నంబరు మొత్తం అప్పజెప్పింది. ఆయన ఎంతో శ్రద్ధగా విని, "రెండంకెలు చాలమ్మా" అని లోపలికి వెళ్ళిపోయాడు.

మొగుణ్ణి నిలదీస్తే సంగతి చెప్పాడు. రైలొస్తోందని స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తాడు. ఆ మాటే గేట్‌మన్ తిరిగి అప్పజెప్పాలి. గేటు వేసి, తాళం పెట్టి, తన కాగితం మీదున్న నంబర్లలో వరసగా వచ్చేది చెప్పాలి. మాస్టరు ఆ నంబరు తిరిగి పలికి, అప్పుడు సిగ్నల్ ఇస్తాడు. వేశాను అన్న మాట ఒక్కటే చాలదు, నంబరు అందాలి.

బానే ఉంది, అది రైలుకి. మరి వీధి తలుపుకెందుకు? మొగుడు బుర్ర గోక్కున్నాడు. తనకీ తెలీదట. రెండు మూడేళ్ళ కింద ఉన్నట్టుండి మొదలెట్టాడట. పెళ్ళికి ఒప్పుకుంటున్నా నాన్నా అన్నప్పుడు కూడా నంబరు అడిగితే నలభయ్యేడు అని చెప్పాడట. కోడలికి తన పెళ్ళి మీదే అనుమానం వచ్చింది.

అక్కడితో అయిపోతే ఇంకేం. మావయ్య ఎడమ జేబులో ఒక ఎర్ర చేతిరుమాలు, కుడి జేబులో ఒక పచ్చ చేతిరుమాలు. డ్యూటీ జెండాలు ఇంటికి తేకూడదని ఈ ఏర్పాటు. పాలు పొంగుతుంటే నోటితో చెప్పొచ్చుగా? చెప్పడు. కిటికీలోంచి ఎర్ర రుమాలు ఊపుతాడు. కూర బాగుంటే పచ్చ రుమాలు.

అత్తయ్య మాత్రం దేవత. ఎవరేమన్నా చిరునవ్వు నవ్వి తలూపుతుంది, అంతే. దానికీ ఒప్పుకోడే ఆ మహానుభావుడు! చుట్టూ తిరిగి ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి, తలూపితే కుదరదు, నంబరు చెప్పు అంటాడు. ఆవిడ ఓపిగ్గా అరవై అనో డెబ్భై అనో చెప్తుంది. ఈవిడెలా వేగుతోందో ఈ మనిషితో అని కోడలు లోలోపల కుతకుతలాడిపోయేది.

కొంప మునిగింది కోడలి అమ్మానాన్నలు వచ్చిన రోజు. అందరూ భోజనాలకి కూర్చుంటే అత్తయ్య కూరలో రెండోసారి ఉప్పు వేయబోయింది. వేసేశానని కోడలు వెనకనుంచి చెప్తూనే ఉంది. ఇంతలో మావయ్య వియ్యంకుడి తల మీదుగా ఎర్ర రుమాలు ఝాడించాడు. వియ్యంకుడు ముద్ద నోట్లో పెట్టుకోవాలో వద్దో తెలీక అలాగే ఉండిపోయాడు. వెళ్ళేటప్పుడు వియ్యపురాలు వంట బాగుందని రెండుసార్లు చెప్పి, నంబరు కూడా ఇచ్చుకోవాల్సొచ్చింది. కోడలికి తల కొట్టేసినట్టయింది.

ఇంక లాభం లేదనుకుంది. అవతలి వీధిలో రెండు గదుల వాటా చూసుకున్నారు. మొగుడు సరేనన్నాడు కానీ, నాన్నకి నువ్వే చెప్పు అని తప్పుకున్నాడు. చెప్పడం ఒక ఎత్తు. ఈ మనిషికి అదే మాట మళ్ళీ చెప్పాలి కదా! 'మేం వేరే కాపురం పెడుతున్నాం' అన్న మాట ఒకసారి అనగలదు గానీ, రెండోసారి నోరు ఎలా వస్తుంది? దారంతా వల్లించుకుంటూ మధ్యాహ్నం గేటు దగ్గరికెళ్ళింది.

చిన్న గది. ఒక ఫోను, ఒక స్టూలు, గోడకి చుట్టిపెట్టిన జెండాలు. కోడలు గుండె చిక్కబట్టుకుని, "మావయ్యా, మేం వేరే..." అంది. ఫోన్ మోగింది.

మాస్టరు చెప్పింది మావయ్య తిరిగి చెప్పాడు. బయటికెళ్ళి రోడ్డు అటూ ఇటూ చూసి, హ్యాండిల్ తిప్పి గేటు దించి, తాళం పెట్టి, నంబరు చెప్పి, జెండాలు తీసుకుని నిలబడ్డాడు. ఇంట్లో పిచ్చిగా కనపడిన మనిషేనా ఈయన అనిపించింది కోడలికి. మోటారు సైకిలు మీదున్నాయన రైలెక్కడా కనపడ్డం లేదు, వదలండి అని కేకేశాడు. మావయ్య మళ్ళీ చెప్పమన్నాడు. ఆయన మళ్ళీ చెప్పేలోపు రైలు కూత వినిపించింది.

అప్పుడే పట్టాలకి అవతల, గేటు పక్కనున్న కాలిబాట మీద, క్యారియర్ పట్టుకుని తల దించుకుని వస్తోంది అత్తయ్య.

కోడలు గొంతు చించుకుని పిలిచింది. ఆవిడ తలెత్తలేదు. రైలు ఇంకోసారి కూసింది. ఊహూఁ.

మావయ్య రెండడుగులు పక్కకి జరిగి, ఆ కాలిబాటకి ఎదురుగా నిలబడి, రైలుకి కనపడకుండా ఛాతీ దగ్గర ఎర్ర రుమాలు ఊపాడు. ఆ ఎరుపు కంట పడగానే అత్తయ్య స్టవ్ దగ్గర ఆగినట్టే టక్కున ఆగిపోయింది. రైలు ధడధడలాడుతూ వెళ్ళిపోయింది. తర్వాత పచ్చ రుమాలు.

"అత్తయ్యకి... వినపడదా మావయ్యా?" అంది కోడలు.

ఆయన మళ్ళీ చెప్పమనలేదు. గొంతు తగ్గించి చెప్పాడు. "మొదట్లో ఏంటీ ఏంటీ అని అడిగేది. అందరూ విసుక్కున్నారు. దాంతో అడగడం మానేసి తలూపడం మొదలెట్టింది. అందుకే ఆ అడిగేదేదో అందర్నీ నేనే అడుగుతున్నా, రెండోసారికైనా దానికి అందుతుందని. పిచ్చోడన్న పేరు నాకే రానీ. నాకు తెలుసని దానికి తెలీదు, నువ్వు అనకు."

ఆయన తాళం తీసి గేటు ఎత్తడానికి వెళ్ళాడు. అత్తయ్య వచ్చి క్యారియర్ దించి, కోడల్ని తన కుడి చెవి వైపుకి లాక్కుని గుసగుసగా అంది.

"ఏం చెప్తున్నాడమ్మా? పాపం ఆయనకి మతిమరుపు. చెప్పింది చెప్పినట్టే మర్చిపోయి మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. తెలిస్తే బెంగపెట్టుకుంటాడని నంబర్లు చెప్తూ నెట్టుకొస్తున్నా. నువ్వు అనకు."

ఎవరు ఎవర్ని కాపాడుతున్నారో కోడలికి అర్థం కాలేదు. నవ్వాలో ఏడవాలో అంతకంటే అర్థం కాలేదు.

మావయ్య తిరిగొచ్చి, ఏదో అనబోయావు, మేం వేరే అని ఆపేశావు అన్నాడు.

"మేం వేరే ఎక్కడికీ వెళ్ళం మావయ్యా."

"మళ్ళీ చెప్పు."

ఈసారి కోడలు వెళ్ళి అత్తయ్య ఎదురుగా నిలబడింది. ఒక్కో మాటా విడమరిచి, "మేం ఎక్కడికీ వెళ్ళం. మీతోనే ఉంటాం" అంది. అత్తయ్య చిరునవ్వు నవ్వి తలూపింది.

"తలూపితే కుదరదత్తయ్యా," అంది కోడలు. "నంబరు?"

"అరవై రెండు" అంది అత్తయ్య. మావయ్య కుడి జేబులో చెయ్యి పెట్టి పచ్చ రుమాలు తీశాడు.