అల్లుడుగారికి రెండు బంతులు

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం కాదు, స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు) లోకంలో జరిగే అన్యాయాలన్నిటి మీదా నాకు గట్టి అభిప్రాయాలుండేవి. వాటన్నిటిలోకీ పెద్ద అన్యాయం మాత్రం ఒడిశాలోని మా రాయగడలోనే, ఒక చింతపండు గోడౌను మీది మేడగదిలో, ఆకుపచ్చ గుడ్డ పరిచిన పూల్ బల్ల మీద జరుగుతోందని నా నమ్మకం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో దాని మీద కలెక్టరుగారికి అర్జీ కూడా మొదలుపెట్టాను (పూర్తి చెయ్యలేదు. ఆఫీసు ఒడియాలో ఈ గొడవంతా ఎలా రాయాలో తెలియక రెండో వాక్యం దగ్గర ఆగిపోయాను). ఇరవై రెండేళ్ల వయసు. మునిసిపాలిటీలో జనన మరణాల రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించే కాంట్రాక్టు ఉద్యోగం. రోజంతా పుట్టినవాళ్లనీ పోయినవాళ్లనీ వరసలో పెట్టి, సాయంత్రం అయిదున్నరకల్లా ఆ మేడ మెట్లెక్కేవాణ్ణి. బల్ల దగ్గర నేను గొప్ప ఆటగాణ్ణని ఊళ్లో ఒక మాట ఉండేది. ఆ మాటని ఊళ్లో తిప్పింది ఎక్కువగా నేనే.

ఆ మేడ మా కాటా పెదనాన్నది. మాకు చుట్టరికం ఏమీ లేదు, విజయనగరం వైపునుంచి వాళ్ల తాతా మా తాతా ఒకే బండిలో వచ్చారట, అందుకని పెదనాన్న. చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. కాటా పక్కన నిలబడి బస్తాని చూపుతోనే తూచేస్తాడని ఆ పేరొచ్చింది. ఎక్కడో క్లబ్బు ఎత్తేస్తుంటే ఆ బల్లని లారీలో వేయించుకుని తెచ్చాడు. ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. ఒకడివి గీతలున్న బంతులు ఏడు, ఇంకొకడివి గీతల్లేని బంతులు ఏడు, మధ్యలో ఒక నల్లబంతి. తెల్లబంతిని కర్రతో పొడిచి, ఎవడి ఏడు బంతుల్ని వాడు బల్ల అంచుల్లోని జేబుల్లో పడేసి, ఆఖర్న నల్లబంతిని కూడా ఎవడు ముందు పడేస్తే వాడు గెలిచినట్టు. బలహీనుడికి సాయంగా అతని బంతుల్లో ఒకటో రెండో ఆటకి ముందే తీసి పక్కన పెడతారు. అదే రాయితీ. ఇందులో అన్యాయం ఏముంది, బాగానే ఉంది కదా అంటారు మీరు. ఎవరు బలహీనులో తేల్చేది మా కాటా పెదనాన్న అని మరిచిపోకండి.

పెదనాన్న ఆట చూసి రాయితీ ఇచ్చేవాడు కాదు, మర్యాద చూసి ఇచ్చేవాడు. అరవై దాటినవాళ్లకి ఒక బంతి, పెద్దరికానికి. జేకేపూర్ కాగితం మిల్లులో రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాడికి ఒకటి, కళ్లు మండుతుంటాయని. కోరాపుట్ నుంచి వచ్చినవాడికి ఒకటి, ఘాటీ రోడ్డు మలుపులకి తల తిరిగి ఉంటుందని (రైల్లో వచ్చినా సరే). మాల వేసుకున్న స్వామికి ఒకటి, స్వామిని ఓడించడం ఊరికి అరిష్టమని. ఇక ఎవరింటి అల్లుడైనా సరే, అల్లుడంటే రెండు బంతులు. రెండు జిల్లాల తెలుగువాళ్లకీ పెదనాన్న ఏటా ఆ బల్ల మీద పెట్టే టోర్నమెంటులో మూడొంతులమంది ఎవరో ఒకరి అల్లుళ్లే. ఏ రాయితీకీ నోచుకోని నికార్సైన అనాథని నేనొక్కణ్ణే.

"పెదనాన్నా, అందరికీ ఇస్తన్నావు, నానేటి పాపం సేసేను?" అని ఒకసారి నిలదీశాను.

"నీకేటిరా, నువ్వు మనోడివి. మనోడికి ఎవుడైనా రాయితీ ఇస్తాడేటి?" అన్నాడు, చింతపండు పిక్క తీసినంత సులువుగా.

అలా మనవాణ్ణయిన పాపానికి వరసగా రెండేళ్లు ఫైనల్లో ఓడిపోయాను. మొదటి ఏడు రామనగుడ అల్లుడి చేతిలో, రెండో ఏడు ఒక స్వామి చేతిలో. గోడమీద గెలిచినవాళ్ల పేర్లు రాసే చెక్కపలక ఉండేది. దానిమీద నా పేరు ఒక్కసారి పడాలి, అదీ నా కోరిక. అంతకన్నా పెద్ద కోరికలు అప్పటికి నాకు లేవు, ఉద్యోగం పర్మనెంటు అవ్వాలన్నది కూడా దాని తరవాతే. "సమానంగా ఆడించండి, రాయగడ, కోరాపుట్ రెండూ కలిపినా నన్ను కొట్టేవాడు లేడు" అని టీకొట్టు దగ్గర, ఆఫీసులో, మంగలి కుర్చీలో, ఎక్కడ నలుగురు కనిపిస్తే అక్కడ చెప్పేవాణ్ణి. మా ఆఫీసు బడాబాబు (అంటే హెడ్ క్లర్కు) "హౌ, హౌ", అలాగే అలాగే అంటూ తలూపి ఫైలు నా వైపు తోసేవాడు.

మూడో ఏడు మా అక్కకి పెళ్లయింది. బావది కోరాపుట్, మోటారు సామాన్ల దుకాణంలో పని. అతి నెమ్మదైన మనిషి. భోజనానికి కూర్చుంటే ఏ కూర ఎలా ఉందో కూడా చెప్పేవాడు కాదు, మా అమ్మ ఆయన మొహం చూసి ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఊహించుకోవాల్సి వచ్చేది. ఆ ఏడాది టోర్నమెంటుకి శనివారం పొద్దున్నే దిగి, ఫారం మీద ఆయన కూడా పేరు రాశాడు. నాకు గుండెలో రాయి పడింది. కోరాపుట్ నుంచి రావడం ఒకటి, మా ఇంటి అల్లుడు కావడం ఇంకొకటి. పెదనాన్న వేళ్లమీద లెక్కేసి మూడు బంతులన్నాడు. నేను పెదనాన్న చేతులు పట్టుకుని బతిమాలితే రెండుకి దిగాడు.

బావ ఆ రెండు బంతుల సాయంతో ఒక్కొక్కణ్ణీ ఓడించుకుంటూ పోయాడు. నేను ఏ సాయమూ లేకుండా, పళ్లు నూరుకుంటూ, నా వైపు వాళ్లని ఓడించుకుంటూ వచ్చాను. శనివారం సాయంత్రానికి తేలిందేమంటే, ఆదివారం ఫైనల్ నాకూ బావకీ.

ఇంటికెళ్లేసరికి కబురు నాకంటే ముందే చేరింది. అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఒరేయ్, అల్లుడుగోర్ని అందరిముందరా ఓడించెత్తావేటి? రేపు ఆరికి ఏ మొకం ఎట్టుకుని అన్నం వడ్డించమంతావు?"

"మరి నన్నోడిపోమంతావేటి?"

"ఒకసారి ఓడిపోతే ఏటవుతాది? నీకలవాటేగా."

కన్నతల్లి అన్న మాట అది. నాన్న మునిసిపాలిటీ నీళ్ల పంపు దగ్గర పనిచేసేవాడు, ఎప్పుడు ఏ వాల్వు తిప్పాలో, ఎప్పుడు తిప్పకూడదో బాగా తెలిసిన మనిషి. పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అక్క వంటింట్లోంచి తొంగి నాకేసి ఒక చూపు చూసింది. ఆ చూపుకి, ఎవరు గెలిచినా నాకే చీవాట్లు తప్పవనిపించింది.

ఆదివారం పొద్దున్న నేను పళ్లు తోముకుంటుంటే బావ పక్కకొచ్చి నిలబడ్డాడు. తువ్వాలు భుజమ్మీద వేసుకుని, కాసేపు పెరట్లో అరటిచెట్టుకేసి చూసి, మెల్లిగా అన్నాడు. "బామ్మర్దీ, ఒకపాలి మేడకి ఎళ్దామా? ఇప్పుడెవులూ ఉండరు."

"ఎందుకు బావా?"

"ఆ రెండు బంతులు నాకొద్దు. పెళ్లయిన కాణ్ణించి ఈ ఊళ్లో నాతో ఎవుడూ సరిగ్గా ఆడట్లేదు. గెలిస్తే అల్లుడు గనక గెలిచేడంతారు. ఓడిపోనివ్వరు. నువ్వు సమానంగా ఆడాలని తిరుగుతావంట కదా, మీ అక్క సెప్పింది. రా, సమానంగా ఆడదాం. ఎవులికీ తెలీక్కర్లేదు."

నోట్లో బ్రష్షుతోనే నా ఒళ్లు పులకరించింది. మూడేళ్లుగా ఈ మాట ఎవడైనా అంటాడా అని ఎదురుచూస్తున్నాను. పైగా ఈయన కూడా నాలాగే బాధపడుతున్నాడని తెలిసి బావ మీద జాలి కూడా వేసింది. మరీ చిత్తుగా ఓడించకూడదని దారిలోనే నిర్ణయించుకున్నాను.

మేడగది ఊడ్చే ముసలమ్మ తలుపు తీసి ఉంచింది. కింద గోడౌన్లోంచి చింతపండు పుల్లటి వాసన. ఏడూ ఏడూ, సమానం. మొదటి ఆట నేను మూడు బంతులు వేసేసరికి బావ అన్నీ వేసేశాడు. ఇంకా నిద్రమత్తు వదల్లేదనుకున్నాను. రెండో ఆట నాలుగు వేశాను. బల్ల గోడవైపు కాస్త వాలుగా ఉందని గమనించాను (ఆయనకీ అదే బల్ల అన్న సంగతి గమనించలేదు). మూడో ఆటలో మొదటి దెబ్బ నాది. బంతులు చెదిరాయి గానీ ఒక్కటీ పడలేదు. తరవాత బావ కర్ర తీసుకుని, తొందరేమీ లేకుండా, బల్ల చుట్టూ తిరుగుతూ ఏడూ వేసి, నల్లది కూడా వేసి, కర్రని గోడకి ఆనించాడు. నేను సుద్దముక్క చేత్తో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. ఊడ్చే ముసలమ్మ నాకేసి చూసి, "ఏం బాబూ, నువ్వాడవా?" అంది.

సిగ్గు అంటే ఏమిటో ఆ పొద్దున్న నాకు తెలిసింది. రెండేళ్లూ నన్ను ఓడించింది పెదనాన్న మర్యాదలు కావేమో, నేను ఓడిపోవాల్సినవాణ్ణే కావచ్చు అన్న ఆలోచన మొదటిసారి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మెట్లు దిగుతుంటే బావ "సానా బాగుంది బామ్మర్దీ. ఎన్నాళ్లయిందో ఇలాగాడి" అన్నాడు. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. ఇంటి గుమ్మం దగ్గర ఆగి, "బావా, ఈ సంగతి..." అన్నాను. "ఏ సంగతి?" అన్నాడు బావ, చెప్పులు విడుస్తూ.

సాయంత్రం ఫైనల్‌కి మేడ నిండిపోయింది. ఒకే ఒక్క ఆట. పెదనాన్న తెల్లచొక్కా వేసుకొచ్చి, అల్లుడుగారి రెండు బంతులూ స్వహస్తాలతో తీసి, వెండి గిన్నెల్ని పెట్టినంత జాగ్రత్తగా కిటికీ గూట్లో పెట్టాడు. నాకు ఇక ఆశ అంటూ ఏమీ లేదు. ఆశ లేకపోవడం వల్లో ఏమో, ఆ రోజు ఆడినట్టు నేను ముందుగానీ తరవాతగానీ ఆడలేదు. ఒకదాని వెనక ఒకటి అయిదు వేశాను. బావ తన అయిదూ వేశాడు. నాకింకా రెండు మిగిలాయి. ఆయనకి మిగిలింది నల్లబంతి ఒక్కటే, అది మూల జేబు అంచున పడనా వద్దా అన్నట్టు నిలబడి ఉంది. తెల్లబంతి దానికి ఎదురుగా, జానెడు దూరంలో ఉంది. కళ్లు మూసుకుని పొడిచినా పడుతుంది. పెదనాన్న అప్పటికే చప్పట్లకి చేతులెత్తాడు.

బావ కర్ర బంతి మీద జారకుండా దాని కొసకి సుద్ద పట్టించాడు. తీరిగ్గా, మూడుసార్లు తిప్పి పట్టించాడు, నేను కళ్లారా చూశాను. వంగాడు. వంగినవాడు ఒకసారి తలెత్తి నాకేసి చూసి, మళ్లీ వంగి పొడిచాడు. తెల్లబంతి నల్లదాన్ని ఓ పక్కగా తాకింది. నల్లది అంచుకి కొట్టుకుని, దొర్లుకుంటూ బల్ల మధ్యకొచ్చి ఆగింది.

జనమంతా ఒక్కసారి "అయ్యో" అన్నారు. నేను నా రెండూ వేశాను, నల్లది కూడా వేశాను. కుర్రాళ్లు నన్ను పైకెత్తారు. పెదనాన్న మాత్రం గూట్లోని బంతులకేసి దిగులుగా చూస్తూ, "తప్పు నాదే. మూడియ్యవలసింది" అన్నాడు.

"సెయ్యి జారిపోయింది" అన్నాడు బావ అందరితోనూ. ఆ రాత్రి అమ్మ ఆయనకి పరిహారంగా నాలుగు రకాల కూరలు వడ్డించింది. నేను గెలిచి తెచ్చిన కప్పుని మాత్రం, ఆయన కంట పడకుండా, బియ్యం డబ్బా వెనక దాచింది. మర్నాడు కోరాపుట్ రైలెక్కించడానికి వెళ్లినప్పుడు, రైలు కదిలేముందు ధైర్యం చేసి అడిగాను. "బావా, నిన్న ఆ నల్లబంతి..."

"ఏ నల్లబంతి?" అన్నాడు బావ కిటికీలోంచి. రైలు కదిలింది. తరవాత ఎప్పుడూ నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను మాత్రం ఆ మరుసటి ఏడాది నుంచి పేరివ్వడం మానేశాను. కారణం అడిగితే, ఒకసారి గెలిచాక చిన్నవాళ్లకి దారివ్వాలి కదా అనేవాణ్ణి.

ఇప్పుడు ఆ మేడమీద సెల్‌ఫోన్ కవర్ల స్టాకు పెట్టారు. బల్లా, నా పేరు పడ్డ చెక్కపలకా ఏమయ్యాయో తెలియదు. ఉద్యోగం పర్మనెంటయింది, పెళ్లయింది, పొట్ట కూడా వచ్చింది. మొన్న బావా అక్కా వచ్చినప్పుడు గారెలు తింటుంటే, మా ఆవిడ అల్మారాలో కప్పు తుడుస్తూ, "అన్నయ్యగోరూ, ఈ కప్పు నిజంగా ఈయనే గెలిసేరా?" అని బావనే అడిగింది. నాకు గొంతులో గారె అడ్డం పడింది.

"అవునమ్మీ" అన్నాడు బావ. "నాకు రెండు బంతులిచ్చి మరీ ఓడించేడు మీ ఆయన." ఆ మొహంలో వెటకారం లేదు, నవ్వూ లేదు. మా ఆవిడ నాకేసి ఎంత గొప్పగా చూసిందంటే, నిజం చెబుదామని తెరిచిన నోట్లో నేను ఇంకో గారె పెట్టుకున్నాను. రాయితీలంటే మండిపడి కలెక్టరుగారికి అర్జీ రాయబోయిన కుర్రాడు ఆ క్షణంలో నన్ను చూసి ఉంటే నా మొహాన ఉమ్మేసేవాడు. ఆ కుర్రాడంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. పాపం, వాడికి బావలాంటి మనిషి ఇంకా తెలియదు.

మా ఆవిడ ఒడియా మీడియంలో చదువుకుంది, తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇదంతా రాశాను. బావ మాత్రం తెలుగు చదువుతాడు. ఆయన చదవాలనే రాశాను.