ఆరో వీధిలో విత్తనం కాయలు

రాప్తాడు దాటాక హైవే పక్కన కట్టిన కొత్త ఊరికి మేము వచ్చి అప్పటికి పది నెలలు. వీధులకు పేర్లు లేవు, నంబర్లే. ఇళ్లన్నీ ఒకే అచ్చు, ఒకే రంగు. పొద్దున ఏడున్నరకు ఫ్యాక్టరీ బస్సులు జనాన్ని ఎక్కించుకుని పోతే, సాయంత్రం ఆరు దాకా ఊరు కలలో కనిపించే ఊరిలా ఉండేది. వెడల్పాటి రోడ్లు, వాటి మీద గాలి, దూరంగా గుట్ట మీద నిదానంగా తిరిగే గాలిమరలు. రిటైరైనవాణ్ణి కాబట్టి ఆ పగటి ఊరు నాకు మిగిలేది. బస్సుల వేళలు రోజూ డైరీలో రాసుకునేవాణ్ణి.

ఆ శనక్కాయల కాలంలో పక్క పల్లె రైతు ఒకామె ఆరో వీధి పొడవునా విత్తనం కాయలు ఆరబోసింది. వానల్లేక పండిందే కొంచెం. వచ్చే ఏడు విత్తుకోవడానికి ఆమెకు అవే దిక్కు. చక్రం కింద పడిన కాయ మొలవదు.

"బస్సులు ఎప్పుడొస్తాయి సార్?"

"ఆరుకమ్మా. పది నెలలుగా రాసి పెట్టుకొనుండాను."

"ఈ రోడ్డేసింది మా నాయన చేన్లోనే. ఈడ కాయలు పోసుకునేదానికి టైం అడగాల్సి వచ్చె చూడు సార్" అని నవ్వింది.

ఆరోజు ఆయుధపూజ. యంత్రాలకు పూజ చేసి, బొరుగుల పొట్లాలు పంచి, మధ్యాహ్నమే వదిలేస్తారని నాకు తట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నేనూ అలా పొట్లం పట్టుకుని ఇంటికొచ్చినవాణ్ణే.

మూడింటప్పుడు అరటి పిలకలు, బంతిపూల దండలు కట్టుకుని ఒక బస్సు మలుపు తిరిగింది. ఎండలో పెళ్లి పందిరి నడిచొస్తున్నట్టుంది. ఆమె చేట పడేసి రోడ్డు మధ్యకు పరుగెత్తింది. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. కాయలకు మూరెడు దూరంలో బస్సు ఆగింది.

డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏమప్పా, రోడ్డు మీ ఇద్దరిదేనా?"

"విత్తనం కాయలన్నా. తొక్కితే మళ్లేటికి నా చేను బీడే" అందామె.

అతను కాయల వైపు చూసి ఇంజను ఆపేశాడు. "దిగండప్పా. ఈ పొద్దు ఈడనే స్టాపు."

జనం దిగారు. కుందుర్పి నుంచి వచ్చి మా వెనకింట్లో ఉంటున్న అమ్మాయి చెప్పులు విడిచి కూర్చుని, దోసిళ్లతో కాయలు గోతంలోకి ఎత్తసాగింది. ఆ అమ్మాయిని చూసి ఇంకొందరు వంగారు. పది నెలలుగా ఎదురెదురు ఇళ్లలో ఉంటూ పలకరించుకోనివాళ్లు గోతం అంచులు చెరోవైపు పట్టుకున్నారు.

కాయల్లో ఇంకా పచ్చి ఉంది. మరో రెండు రోజుల ఎండ కావాలి. రేపు దసరా సెలవు, అందరూ ఊళ్లోనే ఉంటారు, రోడ్డు ఖాళీగా ఉండదు. "ఇంగ యాడ ఆరబోసేది?" అని రైతు గోతాల వైపు చూసింది.

"మా మిద్దె మీద పోసుకోక్కా. పగలంతా ఎండే" అంది అమ్మాయి.

"ఆడికి బస్సులు రావు కదా?" అని రైతు నా వైపు చూసింది. అందరూ నవ్వారు.

గోతం నెత్తికెత్తుకుని ఆమె మెట్లెక్కింది. వెనకే ఇద్దరు ముగ్గురు. ఒక మిద్దె చాలలేదు. పొద్దు గూకేలోపు పక్కింటివాళ్లూ తమ మిద్దె తలుపు తీశారు.