చెయ్యెత్తి చెప్పిన ఫ్రెంచి

నీలవేణి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. ఆన్‌లైన్‌లో ఫ్రెంచి నేర్చుకుని, ఆ ఊళ్లోనే మంగ్లా పేటలోని ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా కుదురుకుంది. ఇప్పుడు ఏడో తరగతికి ఒక పని అయిపోయిందని చెప్పాలంటే క్రియ ఏ రూపంలోకి మారుతుందో నేర్పుతోంది. అమ్మడం 'వాంద్ర్', అమ్మేస్తే 'వాందు'. ముగించడం 'ఫినీర్', ముగిస్తే 'ఫినీ'. పిల్లలు కాగితం మీద బాగానే రాస్తారు. నోరు విప్పమంటే మాత్రం నేలచూపులు చూస్తారు.

"శుక్రవారం నేనొచ్చి కూర్చుంటానండీ నీలవేణి గారూ. పిల్లలు మాట్లాడకపోతే వచ్చే ఏడాది ఫ్రెంచి తీసేద్దాం," అన్నారు ప్రిన్సిపాల్ శాంతాదేవి, మెత్తగానే. ఫ్రెంచి పోతే నీలవేణి ఉద్యోగమూ పోయినట్టే.

ఆ సాయంత్రం తండ్రి పైడిరాజుతో ఆటోలో సదర్ బజారుకు వెళ్తున్నా ఆమెకు అదే దిగులు. పైడిరాజు రిటైరైన లోకో పైలట్. కూడలిలో దీపం మారగానే చెయ్యెత్తి, "ఆకుపచ్చ!" అని కేకేశాడు. ఆటో అతను అదిరిపడి బ్రేకు నొక్కాడు.

"నాన్నా! ఇదేటి ఇంజనా? పరువు తీసేస్తన్నావు."

"నువ్వు తిరిగి చెప్పలేదేటే అమ్మీ? ఒకడు సిగ్నలు సూసి చెప్పాల, రెండోవోడు ఆ మాటే తిరిగి చెప్పాల. మనసులో అనుకుంటే డ్యూటీ అవదు."

"మొదటోడు తప్పు చెప్తేనో?"

"తిరిగి చెప్పకూడదు. సరైన మాట వొచ్చీదాకా సెయ్యి దించకూడదు."

వంకాయలు కొనడానికి వెళ్లిన నీలవేణి ఉల్లిపాయలు కొనుక్కొచ్చింది. ధ్యాసంతా మర్నాటి పాఠం మీదే.

మర్నాడు క్లాసులో ఇద్దరిద్దరు పిల్లల్ని ఎదురెదురుగా నిలబెట్టింది. ఒకరు చెయ్యెత్తి క్రియ చెప్పాలి, రెండోవాళ్లు దాని అయిపోయిన రూపం చెప్పాలి, అది సరైనదైతేనే మొదటివాళ్లు తిరిగి పలికి చెయ్యి దించాలి. సగం మంది రైల్వే పిల్లలు. ఇంట్లో విన్న పద్ధతే. రెండ్రోజుల్లో గది సంతలా మారింది.

శుక్రవారం శాంతాదేవి వెనక బల్ల మీద కూర్చున్నారు. అంతా సాఫీగా సాగుతుండగా తేజస్వి చెయ్యెత్తి, "ప్రాంద్ర్!" అంది. తీసుకోవడమన్నమాట.

"ప్రాందు!" అన్నాడు రోహన్ ధీమాగా. అది తప్పు. తేజస్వి పలకలేదు. చెయ్యీ దించలేదు. అది చూసి మిగతావాళ్లూ చేతులెత్తి ఆగిపోయారు. గది మూగబోయింది.

ప్రిన్సిపాల్ చూడ్డానికొచ్చింది సరిగ్గా ఈ మౌనాన్నే. జవాబు నీలవేణి నాలుక చివరనుంది. తను చెబితే పిల్లలు చెప్పినట్టు కాదు. పెదవి కొరుక్కుని నిలబడింది.

"ఏమైందర్రా?" అన్నారు శాంతాదేవి.

"మేడమ్, సిగ్నల్ గలత్ హై," అంది తేజస్వి. "గాడీ నహీ చలేగీ." సిగ్నల్ తప్పయితే బండి కదలదట.

"జల్దీ రా రోహన్, చెయ్యి నొప్పెడతంది!" అని ఎవరో మొత్తుకున్నారు.

"అచ్ఛా బాబా, సోచ్‌నే దో!" ఆలోచించుకోనివ్వమంటూ రోహన్ కళ్లు మూసుకుని తల గోక్కున్నాడు. "వాందు లాగా కాదు... అది వేరేగా... ప్రీ!"

"ప్రీ!" అని తేజస్వితోపాటు క్లాసంతా అరిచింది. చేతులన్నీ ఒక్కసారి దిగాయి. శాంతాదేవి ఉలిక్కిపడి, కళ్లజోడు సర్దుకుని నవ్వేశారు.

"వచ్చే ఏడాదీ ఉంటుంది లెండి ఫ్రెంచి," అన్నారు లేస్తూ. "కానీ గోడ అవతలే నా ఆఫీసు. సైకిల్ స్టాండు పక్క గదికి మారండి తల్లీ, ఇవాళే."

ఆ మాట పూర్తయ్యేలోపే పిల్లలు బల్లలు ఎత్తేశారు.